మతిమరుపు జబ్బున్న అమ్మకు పండక్కి ఏం తీసుకెళ్లాలి?

ప్రశ్న: మా అమ్మకు 74 ఏళ్లు. అల్జీమర్స్ అని రెండేళ్ల కిందట చెప్పారు. అనంతపురంలో అన్నావదినల దగ్గర ఉంటుంది. తినడం, స్నానం తనే చేసుకుంటుంది. కానీ ఏ వారమో తెలియదు, మనవళ్ల పేర్లు కలిపేస్తుంది. సంక్రాంతికి స్మార్ట్‌ఫోన్, ధర్మవరం పట్టుచీర, కమ్మలు ఇచ్చాం. ఫోన్ ముట్టుకోలేదు. చీర, కమ్మలు ఎక్కడో దాచేసి, వదినే తీసుకుందని ఒకటే గొడవ. ఉగాదికి అందరం వెళ్తున్నాం. ఈసారి ఏం తీసుకెళ్తే అమ్మకు పనికొస్తుంది?
– ఓ పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ముందు ఆ గొడవ సంగతి చూద్దాం. వస్తువు దాచడం, ఎక్కడ దాచారో మర్చిపోవడం, ఎవరో తీశారని నమ్మడం... ఇవన్నీ జబ్బు లక్షణాలే. రోజంతా పక్కనుండి చూసుకునే మనిషి మీదికే ఆ నింద వెళ్తుంది. ఆ మాటకు మీ వదినగారు ఎంత నొచ్చుకున్నారో, మీరంతా ఆమె పక్షాన ఉన్నారని ఆమెకు తెలియడం అంత అవసరం. బియ్యం డబ్బా, దిండు గలీబు, పరుపు కింద, పాత చీరల మడతల్లో వెతకండి. చెత్త పారబోసే ముందు కూడా ఒకసారి చూడమనండి. ఇకమీదట బంగారం, డబ్బు చేతికివ్వొద్దు.

ఈ జబ్బులో కొత్త విషయం నేర్చుకునే శక్తి మొదట్లోనే దెబ్బతింటుంది. ఫోన్ పక్కన పడిపోయింది అందుకే. చేతులకు అలవాటైన పనులు, వయసులో విన్న పాటలు మాత్రం చాలాకాలం నిలుస్తాయి. కాబట్టి ఆమెకు కొత్తగా నేర్పాల్సిన వస్తువూ, ‘గుర్తుందా?’ అని పరీక్షపెట్టే వస్తువూ కొనకండి. ఆమెకింకా వచ్చిన దానికి పనికొచ్చేది కొనండి.

అన్నిటికంటే ముందు నేను పాటలే ఎంచుకుంటాను. పదిహేను నుంచి పాతికేళ్ల వయసులో విన్నవి బాగా నాటుకుని ఉంటాయి. మీ అమ్మగారికైతే సుమారు 1965–75 మధ్య వచ్చిన సినిమా పాటలు, ఊళ్లో పాడిన భజనలు, కడప రేడియోలో విన్నవి. ముప్పై, నలభై పాటలు పెన్‌డ్రైవ్‌లో వేసి చిన్న స్పీకర్‌కు పెట్టండి. పాటలు నింపి అమ్మే రేడియోలాంటి పెట్టె కొంటే, ఆన్ చేసే బటన్, సౌండ్ బటన్ తప్ప మిగతావాటి మీద టేపు అంటించండి. బటన్లు ఎక్కువైతే ఏది నొక్కాలో తెలియక పక్కన పెట్టేస్తారు. చాలామందికి సాయంత్రం పొద్దువాలే వేళ చిరాకు, ఇంటికి వెళ్తానన్న గోల మొదలవుతుంది. అంతకు అరగంట ముందు పాటలు పెట్టండి. ఆ సమయంలో టీవీ కట్టేయాలి, రెండు శబ్దాలు కలిస్తే అయోమయం పెరుగుతుంది.

తర్వాతది చేతిపని. అనంతపురం పల్లెల్లో శెనక్కాయలు ఒలవని ఇల్లాలు అరుదు. వెడల్పాటి చాట, కిలో కాయలు తీసుకెళ్లి మీరూ పక్కన కూర్చుని ఒలవండి. ‘ఇలా చెయ్యి’ అని చెప్పక్కర్లేదు, చూస్తే చేతులే అందుకుంటాయి. చింతపండు గింజలు తీయడం, దూదితో వత్తులు చేయడం, పూలు కట్టడం కూడా ఇలాంటివే. పదిహేను, ఇరవై నిమిషాలు చాలు. వత్తి వంకర పోయినా, దండ వదులైనా సరిచేయకండి. అయితే కనిపించినదల్లా నోట్లో పెట్టుకునే అలవాటు మొదలైతే గింజలు ఇవ్వొద్దు, గొంతులో అడ్డుపడతాయి. ప్లాస్టిక్ పండ్లు, కలరా ఉండలు, ముద్దకర్పూరం కూడా ఆమెకు అందకుండా పెట్టాలి.

ఫోటో ఆల్బమ్ మంచిదే, కానీ చాలా ఇళ్లలో తప్పుగా చేస్తారు. వంద ఫోటోలు వద్దు, పన్నెండు చాలు, పేజీకి ఒకటే. మెరిసే కాగితం మీద ట్యూబ్‌లైట్ పడితే ముఖాలు కనిపించవు, మ్యాట్ ప్రింట్ అడగండి. ఆమెకు చదువొస్తే కింద లావుపాటి నల్ల అక్షరాలతో ‘పెద్ద కొడుకు’ అనీ, పేరూ, ఊరూ రాయండి. పాత ఫోటోలు ఎక్కువుండాలి, ఇప్పటి మనవళ్ల కంటే పెళ్లినాటి ముఖాలనే తేలిగ్గా గుర్తుపడతారు. చూపించేటప్పుడు ‘ఇదెవరో చెప్పు’ అనకండి. ‘ఇది నీ పెళ్లి ఫోటో, చీర ఎంత బాగుందో’ అనండి. చనిపోయినవారి ఫోటో చూసి ‘ఎక్కడున్నాడు?’ అని అడిగితే ప్రతిసారీ చావు కబురు చెప్పకండి. అది ప్రతిసారీ కొత్తగానే తగులుతుంది. ఆ మనిషి గురించి ఒక మంచి ముచ్చట చెప్పి మాట మళ్లించండి.

పళ్లెం విషయం చిన్నదనుకోకండి. తెల్ల పళ్లెంలో పెరుగన్నం వాళ్ల కంటికి ఆనదు, స్టీలు పళ్లెం మెరుస్తుంది. 2004లో బోస్టన్ పరిశోధకులు ముదిరిన అల్జీమర్స్ ఉన్న కొద్దిమందికి ఎర్రటి పళ్లేలు, గ్లాసులు ఇచ్చి చూస్తే, తెల్లవాటిలో కంటే తిండి సగటున 25 శాతం, నీళ్లూ పానీయాలూ 84 శాతం ఎక్కువ తీసుకున్నారు. పువ్వులు, డిజైన్లు లేని ఎర్ర పళ్లెం, ఎర్ర గ్లాసు కొనండి.

బట్టల్లో పట్టు వద్దు. ఒకే రంగు మెత్తటి నూలు చీరలు రెండు, ముందువైపు ప్రెస్ బటన్లున్న జాకెట్లు తీసుకోండి. ఒకే చీర పట్టుకుని విడవకపోతే, ఒకటి ఉతుకులో ఉన్నప్పుడు రెండోది ఇవ్వొచ్చు. చెప్పులకు మడమ వెనుక పట్టీ ఉండాలి. గుమ్మంలో నల్ల పట్టా వేయకండి, కొందరికి అది గుంతలా కనిపించి ఆగిపోతారు. రాత్రి మంచం నుంచి బాత్రూం దాకా తనంతట వెలిగే చిన్న దీపాలు రెండు పెట్టించండి.

ఇంట్లోంచి బయటికి వెళ్లిపోయే అలవాటుంటే, ఇద్దరి ఫోన్ నంబర్లు చెక్కించిన స్టీలు కడియం కొనండి. కుడిచేతివాటమైతే కుడిచేతికే వేయాలి, ఎడమచేత్తో కొక్కెం తీయడం కష్టం. జీపీఎస్ వాచీని ఛార్జింగ్ పెట్టే మనిషి ఉంటేనే కొనండి. జ్ఞాపకశక్తి టానిక్కులు మాత్రం అసలు తేవద్దు. ఆమె వాడుతున్న మందులకు అడ్డుపడేవి వాటిలో ఉండొచ్చు.

ఇవన్నీ కొనేముందు చెవిలో గుబిలి, వినికిడి, శుక్లాలు పరీక్ష చేయించండి. వినపడక, కనపడక పలకనిది కూడా మతిమరుపు ఖాతాలో పడిపోతుంటుంది.

పండగ నాడు అందరి మధ్య, గలగలలాడే కాగితం చుట్టి ఇవ్వకండి. ఉదయం కాఫీ అయ్యాక ఒక్కరే కూర్చుని, ఒక్కటే వస్తువు, విప్పి చేతిలో పెట్టండి. వద్దంటే లోపల పెట్టేసి వారం తర్వాత మళ్లీ చూపండి.

మీ వదినగారికీ ఒకటి ఇవ్వండి. తోబుట్టువులంతా వంతులేసుకుని నెలకు రెండు రోజులు అమ్మ దగ్గరుండండి, కుదరకపోతే మనిషిని పెట్టే ఖర్చు పంచుకోండి. ఏ తేదీల్లో ఎవరు వస్తారో ఉగాది నాడే క్యాలెండర్ మీద రాసి రండి. పెద్దల సంరక్షణ సందేహాలకు 14567, వదినగారికి మనసు భారమైతే టెలీమానస్ (మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ) 14416 నంబర్లు కూడా అక్కడే రాయండి.