నక్కకు మందు పెట్టే ముందు తలుపు కింద సందు చూడండి

పొలంలో 40 నాటుకోళ్ళు పెట్టారనీ, నెల తిరక్కుండానే సగం పోయాయనీ, నక్కలకు గుళికల మందు పెట్టమని ఊళ్ళో సలహా ఇస్తున్నారనీ రాశారు. ఆ మందు మాట చూసే ఈ జవాబు రాస్తున్నా. ఒకప్పుడు నేనూ ఆ ప్యాకెట్ కొని తెచ్చుకున్నవాణ్ణే.

మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం వైపు. మెట్ట పొలం, శెనక్కాయ వేస్తాం, పక్కనే గుట్ట. అప్పట్లో వనరాజా అనే రకం కోడిపిల్లల్ని 45 తెచ్చి పెంచాను. ఒకరోజు పొద్దున్నే వెళ్ళేసరికి పదకొండు కోళ్ళు చచ్చి పడున్నాయి. ఇంకేముంది, నక్కే అనుకున్నా. అటుగా గొర్రెలు తోలుకుపోతున్న పెద్దాయన ఆగి చూసి నవ్వాడు. "నక్కయితే ఒకదాన్ని కరుచుకుని పోతుంది సామీ. ఇన్ని చంపి తినకుండా పారేసినాయంటే ఊరకుక్కలే" అన్నాడు. నమ్మబుద్ధి కాక రెండు రాత్రులు మోటారు షెడ్డు మీద పడుకుని కాపు కాశా. మూడు కుక్కలొచ్చాయి. అందులో ఒకటి మా వీధిదే, రోజూ మా ఇంటి అన్నం తినేదే!

కాబట్టి ముందు మీ దొంగ ఎవరో తేల్చుకోండి. షెడ్డు చుట్టూ సాయంత్రం కాస్త మెత్తని మట్టి చల్లి ఉంచితే పొద్దున అడుగులు కనపడతాయి. గోళ్ళ గుర్తు లేకుండా గుండ్రంగా ఉంటే జంగపిల్లి, అంటే అడవిపిల్లి కావచ్చు. గోళ్ళు పడితే కుక్కో నక్కో. నక్క అడుగు కుక్క అడుగు కంటే కాస్త సన్నగా, పొడుగ్గా ఉంటుంది, అయినా తేడా పట్టడం కష్టమే. కోడి ఇక్కడే ఉండి మెడ దగ్గర మాత్రం కొరికి ఉంటే నేనైతే ముందు ముంగిసను అనుమానిస్తా. కోడి మాయమై, ఈకలు గుట్ట వైపు దారి పొడుగునా రాలి ఉంటే అప్పుడు నక్క అనుకోండి.

నక్కల్లోనూ రెండు రకాలు. రాత్రి గుంపుగా ఊళ వేసేది పెద్ద నక్క, ఎనిమిది పది కిలోలు తూగుతుంది. గుంటనక్క చిన్నది, రెండు మూడు కిలోలే, తోక చివర నల్లగా ఉంటుంది. దాని అసలు తిండి ఎలుకలు, పురుగులు, రేగుపళ్ళు. శెనక్కాయ చేలో ఎలుకల బొరియలు తవ్వి మనకు పనిచేసి పెడుతుంది. దాన్ని చంపి ఎలుకల మందు కొనుక్కోవడం నాకైతే తెలివైన లెక్కలా అనిపించదు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 2022లో చేసిన సవరణతో నక్క, గుంటనక్క, జంగపిల్లి కూడా వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లోకి వచ్చాయి. చంపితే మూడు నుంచి ఏడేళ్ళ జైలు, జరిమానా కనీసం 25 వేలు. కోళ్ళు తింటోందని చంపడానికి పర్మిషన్ ఇవ్వరు. ఉచ్చు, మందు, కరెంటు తీగ అన్నీ ఇందులోకే వస్తాయి. కరెంటు తీగ పెట్టి తెల్లారి తామే మర్చిపోయి చనిపోయిన రైతుల వార్తలు మీరూ చదివే ఉంటారు. మా దగ్గర ఒకాయన కోడి పేగుల్లో గుళికలు కలిపి పెడితే నక్క రాలేదు, కాపరి కుక్క తిని చచ్చింది. ఆ గొడవ పంచాయితీ దాకా పోయింది. నా ప్యాకెట్ ఆరోజే వెనక్కి ఇచ్చేశా.

కుక్కల బెడద తీరాక నిజంగానే నక్క రావడం మొదలైంది, వారానికి ఒకటి రెండు కోళ్ళ చొప్పున. ఎందుకొస్తోందో తెలిశాక నన్ను నేనే తిట్టుకున్నా. చచ్చిన పిల్లల్ని, కోసిన కోడి పేగుల్ని గట్టు అవతల వంకలో విసిరేసేవాళ్ళం. దగ్గర్లోని బ్రాయిలర్ షెడ్డువాళ్ళూ అదే చేసేవాళ్ళు. రోజూ విస్తరి వేసి పిలిచి, వచ్చాక తిడితే ఎలా? ఇప్పుడు మూడడుగుల గుంట తీసి, సున్నం చల్లి పూడుస్తున్నాం. షెడ్డువాళ్ళకు నచ్చజెప్పడానికి మాత్రం రెండు నెలలు పట్టింది.

తర్వాత కంచె. కోళ్ళ జాలీ అని అమ్మే ఆరు మూలల సన్న వల కోడిని లోపల ఆపుతుంది గానీ నక్కను బయట ఆపలేదు, పళ్ళతో చింపేస్తుంది. అంగుళం కన్ను వెల్డ్ మెష్, అంటే తీగల్ని వెల్డింగ్ చేసిన గట్టి ఇనుప వల తీసుకోండి. కింద రెండడుగులు మాత్రం అరంగుళం కన్నుది వేస్తే ముంగిస కూడా దూరదు. ఆరడుగుల ఎత్తు, రాతి కూసాలకు బిగించి కట్టాం. అసలు పని నేల దగ్గరే. నక్క కంచె మొదట్లోనే తవ్వుతుంది. అందుకని రెండడుగుల వెడల్పు మెష్‌ని కంచె అడుగుకు కట్టి, బయటి వైపు నేలమీద పరిచి, పైన మట్టి, రాళ్ళు వేశాం. తవ్వబోతే కాళ్ళకు తీగ తగిలి వదిలేస్తుంది. లోతుగా కందకం తవ్వడం కంటే ఇది తేలిక. గడప దగ్గర కడప బండ పరిచాం.

ఇంత చేసినా చీకటి పడే ముందు కోళ్ళను లోపల వేసి తలుపు వేయకపోతే అంతా దండగే. నక్క ఎక్కువగా తిరిగేది మునిమాపు వేళ, తెల్లారుజామున. మా అవ్వ పొద్దు గుంకక ముందే కోళ్ళను గంప కింద మూసి, పైన రాయి పెట్టేది. నాటుకోడి అయితే వేపచెట్టెక్కి బతుకుతుంది. వనరాజా ఒళ్ళు బరువు, అంత ఎత్తు ఎగరలేదు. మీవి అసలు నాటువేనో కాదో చూసుకోండి.

మిణుకు మిణుకుమనే లైట్లు పది రోజులు పనిచేశాయి. రేడియో అయితే నాలుగు రోజులే, తర్వాత నక్క దానికి అలవాటు పడింది, పక్క పొలం ఆయనకు మాత్రం నిద్ర లేదు. కుక్కను పెంచితే మంచిదే, కానీ రేబిస్ టీకా తప్పనిసరి. నక్కలకూ ఆ జబ్బు వస్తుంది. పగటిపూట తూలుతూ మీదికొచ్చే నక్క కనిపిస్తే దగ్గరికి పోకుండా అటవీశాఖ వాళ్ళకు ఫోన్ చేయండి.

ఈ సాయంత్రం మీ షెడ్డు తలుపు కింద చెయ్యి పెట్టి చూడండి. మాది నాలుగు వేళ్ళ సందు ఉండేది.