ఫ్రిస్కోలో సీజన్ టికెట్ కొన్న మా చిన్నాకి

చిన్నా,

నిన్న పొద్దున మీ అమ్మ తెనాలి నుంచి ఫోన్ చేసింది. "అక్కా, వీడు ఏదో బేస్‌బాల్ టీమ్‌కి సీజనంతా టికెట్లు కొన్నాడట. 69 మ్యాచ్‌లట! ఇల్లు కొని ఇంకా ఏడాది కాలేదు. నీ మాటైతే వింటాడు, కాస్త గట్టిగా చెప్పు" అంది. చెప్తాలే అన్నాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు వంటింట్లో అలాగే కూర్చుండిపోయాను. నాకు కోపం రాలేదురా, కళ్ళు చెమర్చాయి. 1999లో మేం నార్త్ కరోలినాలోని డర్హమ్ వచ్చినప్పటి నుంచి నేను ఇక్కడి బేస్‌బాల్ టీమ్ బుల్స్ మ్యాచ్‌లకి వెళ్తున్నాను. ఇన్నేళ్ళలో మన వాళ్ళలో ఒక్కరు కూడా "ఏముంది అందులో?" అని తప్ప, "నేనూ వస్తా" అనలేదు. ఇప్పుడు నువ్వు అన్నావు. అదీ టెక్సస్‌లో ఫ్రిస్కోలో, వీధికి పది తెలుగు కుటుంబాలున్న ఊళ్ళో, అందరూ అర్లింగ్టన్ వెళ్ళి పెద్ద లీగ్‌లో ఆడే రేంజర్స్‌ని చూస్తుంటే నువ్వు మన ఊరి టీమ్ అని, వాళ్ళ కింద చిన్న లీగ్‌లో ఆడే రఫ్‌రైడర్స్‌ని పట్టుకున్నావు.

అందుకే ఈ ఉత్తరం. ఫోన్‌లో అయితే నువ్వు "సరే పెద్దమ్మా, సరే" అని తేల్చేస్తావు.

టోపీ, మంచినీళ్ళు, సన్‌స్క్రీన్ సంగతి చెప్పక్కర్లేదు. అర్లింగ్టన్ స్టేడియంకి కప్పుంది, ఏసీ ఉంది. మీ దానికి లేదు. జులైలో పాపని ఎండలో కూర్చోబెట్టకు. అవుట్‌ఫీల్డ్ అవతల లేజీ రివర్ కట్టారుగా అంటావేమో, నీళ్ళలో ఆడుకోడానికి వేరే రోజు తీసుకెళ్ళు.

69కి 69 చూడాలని పంతం పట్టకు. ఇప్పుడు వాళ్ళ పద్ధతి ఎలాగంటే, వచ్చిన టీమ్ మంగళవారం నుంచి ఆదివారం దాకా ఆరు రోజులూ అక్కడే ఆడుతుంది, సోమవారం సెలవు. వారానికి రెండు మ్యాచ్‌లు చాలు. మిగతావి వీధిలో వాళ్ళకి ఇచ్చెయ్. మీ ఆవిడకి చెప్పే కొన్నావా అసలు? చెప్పకుండా కొని ఉంటే ఇవాళే కూర్చుని మాట్లాడు. మీ పెదనాన్న మొదటి రెండేళ్ళు నా మీద అలిగి స్టేడియం మెట్లు ఎక్కలేదు. ఆ రెండేళ్ళూ నాకు ఆట సగమే రుచించింది.

ఒక నోట్‌బుక్, ఒక పెన్సిల్ కొనుక్కో. యాప్ వద్దు. ఎవరు ఎక్కడికి కొట్టారు, ఎవరు అవుటయ్యారు, గడి గడికీ నువ్వే రాసుకో. స్ట్రయిక్ అవుట్, అంటే మూడు స్ట్రయిక్‌లకి బ్యాటర్ అవుటైతే కె అక్షరం. బ్యాటర్ బ్యాట్ ఊపకుండా చూస్తూ నిలబడి అవుటైతే అదే కె తిరగేసి రాస్తారు. మా నాన్న, అంటే మీ తాతయ్య, పాల ఖాతా రాసినట్టు నేను రాస్తాను. బీరువాలో 19 పుస్తకాలున్నాయి. రాయడం మొదలుపెడితే కన్ను ఆట మీద నుంచి పక్కకి పోదు. పిచ్చర్, అదే బంతి విసిరేవాడు, అతని చేతిలోంచి బంతి బయలుదేరినప్పుడు ఫోన్ వంక చూడొద్దు. ఇది మాత్రం నామీద ఒట్టు. గీత అవతలికి, జనంలోకి వచ్చే ఫౌల్ బాల్ చెప్పి రాదు. ఇప్పుడు ఆటగాళ్ళు కూర్చునే డగౌట్లు దాటి వల కడుతున్నారు, మా రోజుల్లో అంత ఉండేది కాదు. మా వరసలో ఒకావిడ పర్స్‌లో ఏదో వెతుక్కుంటుంటే బంతి వచ్చి చేతికి తగిలింది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

నీకు క్రికెట్ తెలుసు కాబట్టి ఇది మన రంజీలాంటిది అనుకుంటావు. నేనూ అలాగే అనుకున్నాను. కాదు. రంజీలో ఆంధ్రా టీమ్ ఆంధ్రా కోసం గెలవాలి. ఇక్కడ జెర్సీ మీద మన ఊరి పేరుంటుంది, కానీ ఆటగాడి జీతం, ఎప్పుడు ఎక్కించాలి, ఎప్పుడు దించాలి అన్నీ పైనున్న పెద్ద లీగ్ టీమ్‌వే. మా బుల్స్‌కి టాంపా బే, మీకు రేంజర్స్. ఒకడు ఐదు ఇన్నింగ్స్ అద్భుతంగా బౌలింగ్ చేస్తాడు, ఇంకా ఓపిక ఉంటుంది, అయినా తీసేస్తారు. ఎందుకంటే అతని చెయ్యి మన గెలుపు కన్నా వాళ్ళకి ముఖ్యం. మొదట్లో నాకు ఒళ్ళు మండిపోయేది. 2008లో ఎవాన్ లొంగోరియా అనే మూడో బేస్ ఆటగాడు మా దగ్గర సీజన్ మొదలుపెట్టాడు. రెండు వారాలు కూడా కాలేదు, టాంపా బే పిలిచేసింది. ఆ ఏడాదే అతను అమెరికన్ లీగ్‌లో రూకీ ఆఫ్ ది ఇయర్, అంటే ఉత్తమ కొత్త ఆటగాడు, వాళ్ళు వరల్డ్ సిరీస్ ఫైనల్ దాకా వెళ్ళారు. నేను పొంగిపోయాను. మంగళవారం మా మూడో బేస్ దగ్గర వేరే అబ్బాయి నిలబడితే మాత్రం మనసు కలుక్కుమంది.

నీకూ ఇది తెలుసు. 2024లో కుమార్ రాకర్ అనే పిచ్చర్ మీ ఫ్రిస్కోలో ఆడాడని, వాళ్ళమ్మ మన ఇండియా వాళ్ళ అమ్మాయేనని నువ్వేగా రాత్రిపూట ఫోన్ చేసి చెప్పావు. అంతకు ముందు ఏడాది మా నార్త్ కరోలినాలోనే హికరీలో ఆడాడు, మోచేతికి సర్జరీ అయింది. కోలుకుని మీ ఊరొచ్చి, అక్కణ్ణుంచి ఒక మెట్టు పైనున్న రౌండ్ రాక్ టీమ్‌కి వెళ్ళి, సెప్టెంబర్ 12న రేంజర్స్‌కి మొదటి మ్యాచ్ ఆడేశాడు. నువ్వు అతన్ని చూసింది ఎన్నిసార్లు? వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మంచివాళ్ళు అంతే, పైకి పోతారు. పోనివ్వాలి. పైకి పోనివాళ్ళ గురించి నీకు చెప్పాలి. ఇది మీ అమ్మకి కూడా తెలీదు.

మీ అన్నకి అప్పుడు ఎనిమిదేళ్ళు. మా సీట్లు మూడో బేస్ వైపు, ముందు నుంచి నాలుగో వరస. ఆ ఏడాది ఒక ఎడమచేతి రిలీవర్, అంటే మ్యాచ్ మధ్యలో దిగే పిచ్చర్, వచ్చాడు. పేరు రాయను. పొడుగ్గా, సన్నగా ఉండేవాడు, మెడ వెనక చర్మం ఎండకి కందిపోయి ఉండేది. ఏడో ఇన్నింగ్స్‌లోనో ఎనిమిదో ఇన్నింగ్స్‌లోనో దింపేవారు. అతను రిలీవర్లు కాచుకుని ఉండే బుల్‌పెన్ తలుపు తీసుకుని వస్తుంటేనే నాకు టెన్షన్. మొదటి బ్యాటర్‌కి వాక్, అంటే బంతులు సరిగ్గా పడక ఊరికే ఒక బేస్ ఇచ్చేయడం. రెండో బ్యాటర్‌కి వాక్. మూడోవాడు కొట్టేవాడు. చేతిలో ఉన్న మ్యాచ్ పోయేది. నేను లేచి నిలబడి "దండగ! ఉత్త దండగ!" అని అరిచేదాన్ని. ఇంగ్లీషులో అయితే నాకు నోరు పెగిలేది కాదు. తెలుగులో కాబట్టి ఎవరికీ అర్థం కాదని ధైర్యం. అలా ఒకరోజు కాదు, సీజన్ సగం అరిచాను.

పక్కన మీ అన్న వింటున్నాడు. వాడికి అప్పట్లో ఇంట్లో మాట్లాడే నాలుగు మాటలు తప్ప తెలుగు అంతగా రాదు. ఆ ప్లేయర్ రాగానే అమ్మ లేచి నిలబడి ఇంత గట్టిగా పిలుస్తోందంటే అది అతని ముద్దుపేరు అనుకున్నాడు.

ఒక ఆదివారం మ్యాచ్‌కి ముందు ఆటగాళ్ళు కంచె దగ్గరికొచ్చి పిల్లలకి సంతకాలు పెడుతున్నారు. అతని దగ్గర ఎవరూ లేరు. మీ అన్న పరిగెత్తుకెళ్ళి, టోపీ పైకి పట్టుకుని, "దండగ! దండగ!" అని నవ్వుతూ పిలిచాడు. అతను వంగి, "ఏమన్నావు?" అని అడిగాడు. వీడు "నీ పేరే, మా అమ్మ పెట్టింది" అన్నాడు. అతను తలెత్తి నా వంక చూశాడు. 22, 23 ఏళ్ళుంటాయేమో. కనుబొమల మీద చెమట, చేతిలో మీ అన్న టోపీ. "అంటే ఏంటండీ?" అన్నాడు. ఎంత మర్యాదగా అడిగాడో!

నేను అబద్ధం చెప్పాను. మా భాషలో ధైర్యస్థుడు అని అర్థం అన్నాను.

అతని మొహం వెలిగిపోయింది. ఆ మాటని రెండుమూడు సార్లు పలికి చూసుకున్నాడు. ఆ ఏడాది అతన్ని మెచ్చుకుంటూ ఒక్క మాట అన్నవాళ్ళు ఉన్నారో లేదో నాకు తెలీదు. ఆ రోజు నుంచి బుల్‌పెన్‌కి వెళ్తూ మా వరస వైపు చెయ్యి ఊపి, గుండె మీద తట్టుకుని "దండగ!" అనేవాడు. మీ అన్న ఎగిరి గంతులేసేవాడు. నేను నవ్వేదాన్ని. లోపల ఏదో గుచ్చుకునేది. నిజం చెప్పి సారీ అడగాలని ప్రతి ఆదివారం అనుకునేదాన్ని. వచ్చే వారం చూద్దాం, వచ్చే వారం చూద్దాం.

ఆగస్టులో ఒక మంగళవారం వెళ్తే అతను లేడు. మా సెక్షన్‌లో సీట్లు చూపించే పెద్దాయన వచ్చి, "రిలీజ్ చేశారమ్మా, ఆదివారం రాత్రే వెళ్ళిపోయాడు. ఇది మీ బాబుకి ఇమ్మన్నాడు" అని ఒక బంతి ఇచ్చాడు. దాని మీద తన పేరు సంతకం చేసి, కింద ఇంగ్లీషు అక్షరాల్లో "దండగ" అని రాశాడు.

రిలీజ్ అంటే ఉద్యోగం పోవడమే. పెట్టె సర్దుకుని ఇంటికి పోవడమే. ఆ రోజుల్లో జీతం కూడా సీజన్ ఉన్న నెలలకే ఇచ్చేవారు, ఇళ్ళు వాళ్ళే వెతుక్కునేవాళ్ళు. ఇప్పుడు నయం. 2022 నుంచి టీమ్‌లే ఇల్లు చూస్తున్నాయి. 2023లో యూనియన్ ఒప్పందం కుదిరాక పెద్ద లీగ్‌కి రెండు మెట్లు కిందున్న మీ డబుల్-ఎ వాళ్ళకి ఏడాదికి కనీసం 30,250 డాలర్లు అన్నారు. నువ్వు కట్టే ఇంటి వాయిదాలతో పోల్చి చూసుకో. నువ్వు తిట్టబోయే పిల్లాడి బతుకు అది.

మీ అన్నకి 14 ఏళ్ళప్పుడు తెనాలి వెళ్ళాం. మీ అమ్మమ్మ వరండాలో లైటు ఆర్పుతూ "కరెంటు దండగ" అంది. వాడు తింటున్న పెసరట్టు ఆపేసి, "అమ్మమ్మా, దండగ అంటే?" అన్నాడు. ఆవిడ చెప్పింది. వాడు నా వంక చూశాడు. ఏమీ అనలేదు. ప్లేటు తీసుకెళ్ళి సింకులో పెట్టేసి మేడ మీదికి వెళ్ళిపోయాడు. తర్వాత ఎన్నాళ్ళకో నేనే కూర్చోబెట్టి అంతా చెప్పుకున్నాను. వాడు క్షమించాడు. అవతలి మనిషి ఎక్కడున్నాడో, ఎవరైనా తెలుగువాళ్ళు ఎదురైతే గర్వంగా ఆ మాట చెప్పుకున్నాడేమో. అది తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

అందుకే చెప్తున్నాను, తెలుగులో అసలు తిట్టకు. పాప పక్కన ఉంటుంది. ఏప్రిల్‌లో టీమ్ లిస్టు రాగానే అందరి పేర్లూ నేర్చుకో, పాపకీ నేర్పు. డొమినికన్ రిపబ్లిక్ నుంచి, వెనిజులా నుంచి వచ్చిన పిల్లలుంటారు, పేర్లు సరిగ్గా పలకడం నేర్పు. మన పేర్లని ఇక్కడ ఎన్ని రకాలుగా విరుస్తారో నీకు తెలుసుగా. సరిగ్గా ఆడనివాడు వచ్చినప్పుడే ముందు చప్పట్లు కొట్టండి. ఎవరికైనా ఏమైనా చెప్పాలనిపిస్తే, ఇవ్వాలనిపిస్తే, ఆ రోజే. వచ్చే వారం అనుకోవద్దు.

టీమ్ విషయంలోనూ అంతే. మా కిన్‌స్టన్ ఇక్కణ్ణుంచి రెండు గంటలు కూడా ఉండదు. 1949 నాటి చక్కటి గ్రౌండ్ ఉంది. 2011 తర్వాత టీమ్ పోయింది. 2017లో మీ రేంజర్స్ వాళ్ళదే ఒకటి వచ్చింది. 2024 అయ్యాక అదీ సౌత్ కరోలినాకి పోయింది. 2020లో కరోనాకి సీజనే లేదు. మరుసటి ఏడాదికి చిన్న లీగుల్లోని 160 టీముల్లో 120 మిగిల్చారు. బుల్స్ ఉంటారో ఉండరో అని ఆ చలికాలం రోజూ పేపర్ చూసేదాన్ని. పెద్ద ఊరు, మంచి స్టేడియం, ఏం కాదని అందరూ అన్నారు. ఏమీ కాలేదు కూడా. అయినా మళ్ళీ మొదటి మ్యాచ్‌కి వెళ్ళి, లెఫ్ట్ ఫీల్డ్ గోడ మీద ఆ పెద్ద ఎద్దు బొమ్మని చూసేదాకా నాకు నమ్మకం కలగలేదు. మనవాళ్ళు హోమ్ రన్ కొడితే దాని కళ్ళు ఎర్రగా వెలుగుతాయి, తోక ఊగుతుంది, ముక్కులోంచి పొగ వస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు సంక్రాంతికి మన వీధిలోకొచ్చే గంగిరెద్దు గుర్తొచ్చింది. నేను ఈ ఊరి మనిషినయింది ఆ రాత్రే.

మీ అమ్మకి నేను సర్దిచెప్తాలే. డబ్బు సంగతి ఎత్తితే, పిల్లాడు నెలకోసారి మాల్‌లో పెట్టే ఖర్చు కన్నా తక్కువే అంటాను. ఎవరి ముందూ ఆ టికెట్లు దండగ అనొద్దని మాత్రం చెప్తాను, ఎందుకో చెప్పను.

మే నెలలో మీ పెదనాన్నా, నేనూ వస్తున్నాం. ఆ వారం టికెట్లు ఎవరికీ ఇవ్వకు. నోట్‌బుక్ నేనే తెస్తాను. పాప నా పక్కన కూర్చుంటుంది. సీట్లు ఎక్కడ కొన్నావో నువ్వింకా చెప్పలేదు. వల వెనక కాకపోతే ఇవాళే ఫోన్ చేసి మార్పించుకో.

పెద్దమ్మ