18 గంటల ‘వరకు’ అంటే ఎన్ని గంటలు?

ప్రశ్న: కొత్త ల్యాప్‌టాప్ ప్రకటన ఒకటి తెలుగు పేపర్లో సగం పేజీ వేశారు. ‘రెండు రెట్ల వేగం, 18 గంటల వరకు బ్యాటరీ’ అని. పచ్చి అబద్ధమని మా అబ్బాయి, అమ్ముకునేవాడు ఆ మాత్రం చెప్పుకోడా అని మా వారు. వారం నుంచి ఇంట్లో ఇదే వాదన. మీరేమంటారండీ?
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: అబద్ధం కాకపోవచ్చమ్మా. అలాగని వదిలెయ్యాల్సిందీ కాదు. ఇలాంటి 18 గంటలు మామూలుగా తెర వెలుతురు తగ్గించి, వీడియో ఒక్కటే ఆడించి తేల్చినవి. మీరే లెక్కేసి చూడండి. 50 వాట్-అవర్ల (వాట్-అవర్ అంటే ఒక వాట్ చొప్పున గంటసేపు వాడే కరెంటు) బ్యాటరీ 18 గంటలు రావాలంటే మెషీన్ సగటున 2.8 వాట్లకు మించి వాడకూడదు. వైఫై, పది ట్యాబులు, వీడియో కాల్, పగటిపూట కనబడేంత బ్రైట్‌నెస్ ఉంటే 8 నుంచి 10 వాట్లు లాగేస్తుంది. చేతికొచ్చేది 5, 6 గంటలే. కొనబోయే మోడల్ బ్యాటరీ ఎన్ని వాట్-అవర్లో స్పెసిఫికేషన్లలో ఉంటుంది, దాన్ని 10తో భాగించండి చాలు.

‘రెండు రెట్లు’ అంటే దేనికంటే, ఏ పనిలో అని అడగాలి. చాలాసార్లు అది ఆ కంపెనీదే నాలుగైదేళ్ల కిందటి మోడల్‌తో పోలిక. వీడియో ఎడిటింగ్‌లో రెట్టింపు వేగం చూపిన మెషీన్, ఎక్సెల్ తెరిచేటప్పుడు పాతదానికీ దీనికీ తేడాయే తెలియనివ్వకపోవచ్చు.

ఈ తగువు పాతదే. 2003లో యాపిల్ తన పవర్ మ్యాక్ జీ5ని ప్రపంచంలోకెల్లా వేగవంతమైన పర్సనల్ కంప్యూటర్ అని చెప్పుకుంది. పరీక్షలో ఇంటెల్ చిప్ ఉన్న పోటీ మెషీన్లకు ఇంటెల్ సొంత కంపైలర్ (ప్రోగ్రామును చిప్‌కు అర్థమయ్యే భాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్) బదులు జీసీసీ అనే మరో కంపైలర్ వాడారు, వాటి మార్కులు తగ్గాయి. రెండు వైపులా ఒకే కంపైలర్ పెట్టడమే న్యాయం కదా అనేవాళ్లూ ఉన్నారు, అదీ తీసిపారేసే మాట కాదు. చివరికి ఎనిమిది మంది ప్రేక్షకుల ఫిర్యాదుతో బ్రిటన్ టీవీ నియంత్రణ సంస్థ ఆ ప్రకటనను ఆపించింది. ఎనిమిది మందే!

మన దేశంలో 2022 జూన్ నుంచి మార్గదర్శకాలు ఉన్నాయి. ప్రకటనలో మాట ఏ భాషలో ఉంటే దాని షరతు కూడా ఆ భాషలోనే, అదే ఫాంటులో ఉండాలి. మీ పేపరు మళ్లీ తీసి చూడండి. పైన తెలుగులో బెత్తెడు అక్షరాలు, అడుగున చుక్క (*) గుర్తు పక్కన చీమ తలకాయంత ఇంగ్లీషు ఉంటే మీ అబ్బాయి కోపం న్యాయమైనదే. ఆ పేజీ కత్తిరించి, తేదీ, ఎడిషన్ రాసి దాచి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పండి. తప్పుదోవ పట్టించే ప్రకటన అని తేలితే తొలిసారి 10 లక్షల రూపాయల దాకా జరిమానా వెయ్యొచ్చు.

ప్రశ్న: ప్రకటనలో ఉన్న మోడలే శ్రీకాకుళం జీటీ రోడ్డులో ఒక షాపువారు ఏడు వేలు తక్కువకు ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?
– డిగ్రీ విద్యార్థి, ఆమదాలవలస

జవాబు: పేరు అదే అయినా లోపలి సరుకు వేరు కావచ్చు. బాక్సు స్టిక్కర్ మీద పేరు తర్వాత వచ్చే కోడ్ అంతా రాసుకుని కంపెనీ సైట్లో కొట్టి చూడండి. కోత ఎక్కువగా ర్యామ్‌లో, తెరలో పడుతుంది. 8 జీబీ ఒకే స్టిక్‌గా ఉంటే గ్రాఫిక్స్ మందగిస్తుంది, విడి గ్రాఫిక్స్ కార్డు లేని మెషీన్ ఆ ర్యామ్‌నే పంచుకోవాలి మరి. రెండో స్లాటు ఉంటే తర్వాత ఇంకో స్టిక్ వేసుకోవచ్చు, బోర్డుకే సోల్డర్ చేసేసి స్లాటే లేకపోతే ఆ దారీ లేదు. తెర ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ, 250 నిట్స్’ (మొదటిది తెర చూపగల రంగుల కొలత, రెండోది వెలుతురు కొలత) అని ఉంటే కుంకుమ ఎరుపు కూడా ఇటుక రంగులా పాలిపోయి కనిపిస్తుంది. కోడ్ కూడా కలిస్తే, బిల్లు మీద సీరియల్ నంబరు వేయించుకుని నిశ్చింతగా తీసుకోండి.

ప్రశ్న: 512 జీబీ అని కొంటే 476 చూపిస్తోంది. మోసమా?
– ఒక పాఠకుడు, సాలూరు

జవాబు: కాదు. కంపెనీ లెక్కలో జీబీ అంటే సరిగ్గా 100 కోట్ల బైట్లు. విండోస్ 1024 లెక్కన దాదాపు 107.4 కోట్ల బైట్లను ఒక జీబీ అంటుంది. 51,200 కోట్లను 107.4 కోట్లతో భాగించండి, మీకు కనబడుతున్న 476 వస్తుంది.