జట్టు మారినా మారని బాకీ

ప్రశ్న: మేము డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్నాం. 2025 ఫిబ్రవరిలో మా డాలస్ జట్టు తన పెద్ద ఆటగాడు లుకా డాన్చిచ్‌ను లాస్ ఏంజెలెస్ జట్టు లేకర్స్‌కు పంపించిన రోజు నుంచి మా ఇంట్లో ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) కాంట్రాక్టుల మీద చర్చ ఆగడం లేదు. జీతంలో కొంత భాగం కొన్నేళ్ల తర్వాత ఇచ్చేలా రాసుకున్న ఆటగాడిని మధ్యలో ట్రేడ్ చేస్తే, అంటే మరో జట్టుకు ఇచ్చేస్తే, ఆ వాయిదా డబ్బు ఎవరివ్వాలి? కాంట్రాక్టుతోపాటు బాకీ కూడా కొత్త జట్టుకే పోతుందని నేనంటున్నాను, ఆడించుకున్న పాత జట్టే ఇవ్వాలని మా అబ్బాయి అంటున్నాడు.

జవాబు: మీ ఇద్దరి మాటలోనూ నిజం ఉంది, కాకపోతే అసలు ప్రశ్నకు మీ అబ్బాయి మాటే దగ్గరగా ఉంది. ట్రేడ్ జరిగిన రోజున కాంట్రాక్టు ఉన్నది ఉన్నట్టుగా కొత్త జట్టు చేతికి వెళ్తుంది. మిగిలిన సీజన్లు, వాటి జీతాలు, ఎప్పుడెప్పుడు ఎంతెంత చెల్లించాలన్న షరతులు ఏవీ మారవు. అయితే ఆ రోజు వరకు ఆటగాడు ఆడి సంపాదించుకున్న జీతం సాధారణంగా పాత జట్టు బాకీగానే ఉండిపోతుంది. చేసిన పనికి కూలి చేయించుకున్నవాడే ఇవ్వాలి కదా. కోతలయ్యాక ఇస్తానని చెప్పినంత మాత్రాన ఆ బాకీ పక్క రైతు మీదికి పోదు.

ఇందుకు కెవిన్ గార్నెట్ ఉదంతాన్ని మించిన ఉదాహరణ నాకు కనిపించదు. ఆయన బోస్టన్ సెల్టిక్స్‌కు ఆడుతున్న కాలంలోనే తన జీతంలో కొంత భాగాన్ని రిటైరయ్యాక తీసుకునేలా ఒప్పందం చేసుకున్నారు. 2013 జులైలో పాల్ పియర్స్, జేసన్ టెరీలతో పాటు ఆయనను బ్రూక్లిన్ నెట్స్‌కు ట్రేడ్ చేశారు. 2015 ఫిబ్రవరిలో బ్రూక్లిన్ ఆయనను మినెసోటాకు పంపింది, 2016లో ఆయన ఆట నుంచి తప్పుకున్నారు. ఇన్ని చేతులు మారినా ఆ వాయిదా డబ్బు బోస్టన్ నుంచే వచ్చింది. పత్రికల్లో వచ్చిన వివరాల ప్రకారం అది ఏడాదికి 50 లక్షల డాలర్ల చొప్పున ఏడేళ్లు, అంటే 2023-24 సీజన్ వరకు సాగింది. 2022 మార్చిలో బోస్టన్ మైదానం పైకప్పుకు ఆయన 5వ నంబరు జెర్సీని ఎగరేసి గౌరవించిన రోజున కూడా ఆయన పేరు ఆ జట్టు చెల్లింపుల జాబితాలో ఉందన్నమాట.

సీజన్ మధ్యలో ట్రేడ్ జరిగితే లెక్క రోజుల మీద నడుస్తుంది. ఉదాహరణకు ఒక ఆటగాడి సీజన్ జీతం 2.4 కోట్ల డాలర్లు, అందులో నాలుగో వంతు, అంటే 60 లక్షలు, వాయిదా జీతం అనుకుందాం. సీజన్‌లో 174 రోజులుంటే, 116 రోజులు గడిచాక అతన్ని ట్రేడ్ చేశారనుకుందాం. మూడింట రెండు వంతుల కాలం పాత జట్టుతో గడిచింది కాబట్టి 1.6 కోట్లు ఆ జట్టు వంతు, మిగిలిన 80 లక్షలు కొత్త జట్టు వంతు అవుతాయి. వాయిదా భాగాన్ని కూడా ఇదే పాళ్లలో పంచితే పాత జట్టు మీద 40 లక్షలు, కొత్త జట్టు మీద 20 లక్షలు పడతాయి.

మీరు పొరబడింది బహుశా సాలరీ క్యాప్ (జట్టు మొత్తం జీతాలకు లీగ్ పెట్టే పరిమితి) దగ్గర. ఎన్‌బీఏ జట్టుకు రెండు పద్దులుంటాయి: చేతి నుంచి పోయే రొక్కం ఒకటి, జీతాల పరిమితిని కొలిచే క్యాప్ పద్దు మరొకటి. రొక్కం రోజుల లెక్కన విడిపోతుంది గానీ క్యాప్ పద్దు విడిపోదు. పై ఉదాహరణలో ట్రేడ్ నాడే ఆ సీజన్ జీతం 2.4 కోట్లూ, వాయిదా భాగంతో సహా, కొత్త జట్టు క్యాప్‌లోకి చేరిపోతుంది. లగ్జరీ ట్యాక్స్‌ను, అంటే జీతాలు ఒక హద్దు దాటిన జట్టు లీగ్‌కు కట్టే పన్నును, రెగ్యులర్ సీజన్ ముగిసే నాటి జీతాల పట్టీని బట్టి లెక్కగడతారు కాబట్టి, ఫిబ్రవరిలో వచ్చిన ఆటగాడి వల్ల పడే ఆ భారం కూడా కొత్త జట్టుదే. ఈ రెండు పద్దులూ వేర్వేరు దారుల్లో నడుస్తాయనడానికి ట్రేడ్ బోనస్ మరో నిదర్శనం. కొందరు ఆటగాళ్లు తమను ట్రేడ్ చేస్తే మిగిలిన జీతంలో 15 శాతం వరకు అదనంగా ఇవ్వాలని రాయించుకుంటారు. ఆ డబ్బు పంపించే జట్టు చెల్లిస్తుంది, క్యాప్ లెక్కలో మాత్రం అది తీసుకునే జట్టు పద్దులో పడుతుంది.

ప్రశ్న: బేస్‌బాల్‌లో షోహే ఒటానీ 70 కోట్ల డాలర్ల కాంట్రాక్టులో 68 కోట్లు తర్వాత తీసుకుంటానన్నాడు. బాస్కెట్‌బాల్‌లో పెద్ద ఆటగాళ్లు ఆ పని ఎందుకు చేయరు? (హైదరాబాద్ నుంచి)

జవాబు: నిబంధనలు ఒప్పుకోవు. ఎన్‌బీఏలో ఒక సీజన్ జీతంలో 25 శాతానికి మించి వాయిదా వేయడానికి వీల్లేదు. ఆ 25 శాతం వల్ల కూడా జట్టుకు క్యాప్‌లో ఒక్క డాలర్ వెసులుబాటు రాదు, ఎందుకంటే డబ్బు ఎప్పుడు చేతికందినా ఏ సీజన్‌లో సంపాదించాడో ఆ సీజన్ క్యాప్‌లోనే దాన్ని రాస్తారు. బేస్‌బాల్‌లో లెక్క వేరు. అక్కడ పదేళ్ల తర్వాత అందే డబ్బుకు ఇప్పుడు ఎంత విలువ ఉంటుందో చూస్తారు కాబట్టి, ఏడాదికి 7 కోట్లుగా కనిపించే ఒటానీ కాంట్రాక్టు అతని జట్టు డాడ్జర్స్ పన్ను లెక్కలో సుమారు 4.6 కోట్లుగానే ఉంది. ముసలితనంలో ఆడే పేరుతో దొడ్డిదారిన వాయిదా వేయకుండా ఎన్‌బీఏ మరో కట్టడి కూడా పెట్టింది. నాలుగేళ్లకు తగ్గని కాంట్రాక్టులో ఆటగాడికి 38 ఏళ్లు దాటాక మొదలయ్యే సీజన్లు ఉంటే, వాటి జీతాన్ని వాయిదా జీతంగా భావించి ముందు సీజన్ల క్యాప్‌లోకి సర్దే నిబంధన అది.

ప్రశ్న: ఇలా వాయిదా వేసుకోవడం ఆటగాడికి లాభమా, నష్టమా? (విశాఖపట్నం నుంచి)

జవాబు: ముప్పై అయిదేళ్లు తిరక్కుండానే సంపాదన ఆగిపోయే వృత్తి ఇది. ఆ తర్వాత కూడా ఏటా కొంత డబ్బు చేతికందడం ఆ కుటుంబానికి ఎంత ఊరటో చెప్పనక్కర్లేదు. అయితే వడ్డీ రాయించుకోకపోతే మాత్రం అది నష్టమేనని నా గట్టి అభిప్రాయం. 5 శాతం వడ్డీ లెక్కన చూస్తే, పదేళ్ల తర్వాత అందే పది లక్షల డాలర్లకు ఇవాళ ఉన్న విలువ సుమారు 6,14,000 డాలర్లే.

పెద్ద అంకె చూసి సంతకం పెట్టేవాళ్లు స్పెన్సర్ హేవుడ్ కథ తెలుసుకోవాలి. ఎన్‌బీఏకు పోటీగా నడిచిన ఏబీఏ లీగ్‌లో 1969లో డెన్వర్ రాకెట్స్ జట్టులో చేరిన ఈ కుర్రాడి కాంట్రాక్టును 19 లక్షల డాలర్లదిగా చాటారు. అందులో అధిక భాగం, జట్టు ఏటా కొద్ది మొత్తం ఒక ఫండ్‌లో వేస్తూ పోతే, అతనికి నలభయ్యో ఏడు వచ్చాక అందవలసిన సొమ్ము. తనను మోసం చేశారంటూ అతను ఆ కాంట్రాక్టును తోసిపుచ్చి ఎన్‌బీఏ జట్టయిన సియాటెల్‌లో చేరాడు. ఎన్‌బీఏ అడ్డుపడింది, వివాదం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 1971 మార్చిలో అతను ఆట కొనసాగించేందుకు దారి దొరికింది. కోర్టు ముందున్నది లీగ్‌లో చేరే అర్హతకు సంబంధించిన నిబంధనే గానీ వాయిదా జీతం కాదు. అతను డెన్వర్ వదలడానికి మాత్రం ఆ జీతమే కారణమైంది. ఏబీఏలో ఎన్నో జట్లు మూతపడ్డాయి. ఇరవై ఏళ్ల తర్వాత ఇస్తానన్న మాట విలువ ఆ మాట ఇచ్చిన సంస్థ అప్పటికి నిలిచి ఉండడం మీదే ఆధారపడుతుంది.

ప్రశ్న: మిల్వాకీ బక్స్ జట్టు డేమియన్ లిలార్డ్‌కు అయిదేళ్లపాటు డబ్బు కట్టాలట. అదీ వాయిదా జీతమేనా? (న్యూజెర్సీ నుంచి)

జవాబు: చూడడానికి అలాగే ఉంటుంది కానీ కాదు. వాయిదా జీతం ముందుగా ఇద్దరూ ఒప్పుకుని రాసుకున్నది. లిలార్డ్ విషయంలో, కాంట్రాక్టు ఇంకా రెండేళ్లు ఉండగా 2025 జులైలో జట్టే అతన్ని వదులుకుంది. అలా వదులుకున్నప్పుడు బాకీని మిగిలిన ఏళ్లకు రెట్టింపు, పైన మరో ఏడాది కాలానికి పరిచే వీలుంది, దాన్ని స్ట్రెచ్ అంటారు. రెండుకు రెట్టింపు నాలుగు, ఒకటి కలిపితే అయిదు. అందుకే 11 కోట్ల డాలర్లకు పైగా ఉన్న మొత్తం ఏడాదికి సుమారు 2.25 కోట్లుగా విడిపోయింది. క్యాప్‌లో చోటు తినే ఈ పద్దును ట్రేడ్‌లో మరొకరికి అంటగట్టడానికి కూడా వీల్లేదు. లిలార్డ్ ఆ నెలలోనే పోర్ట్‌లాండ్‌కు తిరిగి వెళ్లినా, 2029-30 సీజన్ వరకు అతని పేరు మిల్వాకీ క్యాప్ పద్దులో ఉంటుంది.