ఎంతమంది వచ్చారన్నది సరే, వచ్చినవాళ్లకు ఏం మారింది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. కుటుంబాలకు సేవలందించే ఒక సంస్థలో కొత్తగా చేరారు. ఎన్ని కౌన్సెలింగ్ సెషన్లు జరిగాయి, ఎన్ని ఇళ్లకు వెళ్లారు అన్న లెక్కలు పక్కాగా ఉన్నాయి. కానీ నిధులిచ్చేవాళ్లు "ఆ కుటుంబాలకు మేలు జరిగిందని చూపించండి" అంటున్నారు. ఏ ఫారం వాడాలో తెలియడం లేదు, పైగా కేస్ వర్కర్లు ఫారం మాట ఎత్తితేనే విసుక్కుంటున్నారు. నేను చాలాకాలం కేస్ వర్కర్‌గా పనిచేసి, తర్వాత ఇదే రంగంలో ఫలితాల లెక్క చూసే పనిలోకి వచ్చాను. కుటుంబాల ఎదుట కూర్చుని ఫారం నింపించడమూ తెలుసు, ఆ ఫారాలన్నీ కలిపి రిపోర్టు రాయడమూ తెలుసు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఏ ఫారం అన్నది తర్వాత చూద్దాం. ముందు ఒక విషయం తేల్చుకోండి: కొలిచిన అంకె మొదట ఎవరికి పనికి రావాలి? నా ఉద్దేశంలో ఆ కుటుంబానికే. ఆఫీసుకూ, నిధులిచ్చేవాళ్లకూ ఆ తర్వాతే. జవాబులు నేరుగా రిపోర్టులోకే పోతాయని తెలిసిన చోట ఎవరూ మనసు పెట్టి నింపరు. నెలాఖరున కేస్ వర్కర్ ఫైళ్లన్నీ ముందేసుకుని, గుర్తున్నంతలో టిక్కులు పెట్టుకుంటూ పోతుంది. కుటుంబాలూ అంతే. సాయం ఆగిపోతుందేమో, పిల్లల్ని తమ దగ్గర ఉంచరేమో అని లోపల భయపడేవాళ్లు "ఇంట్లో అంతా బానే ఉంది" అని కాక ఇంకేం రాస్తారు?

ఉదాహరణకు, స్కాట్ మిల్లర్, బ్యారీ డంకన్ అనే మనస్తత్వవేత్తలు తయారుచేసిన ఔట్‌కమ్ రేటింగ్ స్కేల్ అనే చిన్న ఫారం ఒకటుంది. నాలుగే అంశాలు: నేనెలా ఉన్నాను, ఇంట్లోవాళ్లతో ఎలా ఉంది, బయట పని, బడి, స్నేహాలు ఎలా ఉన్నాయి, మొత్తమ్మీద ఎలా ఉంది. ఒక్కోదానికి 10 సెంటీమీటర్ల గీత ఉంటుంది. బాగాలేకపోతే ఎడమవైపు, బాగుంటే కుడివైపు ఎక్కడో ఒక చోట గుర్తు పెట్టాలి. నాలుగూ కలిపితే 40కి ఎంత అన్నది వస్తుంది. నిమిషంలో అయిపోతుంది, సెషన్ మొదట్లోనే ఇవ్వొచ్చు. ఒక తండ్రి మొదటిసారి నాలుగు గీతల మీదా కుడి కొసకు ఆనించి గుర్తులు పెట్టారు. కొన్ని వారాల తర్వాత ఇంట్లోవాళ్ల గీత దగ్గర చాలాసేపు పెన్ను పట్టుకుని ఆగి, ఎడమవైపు బాగా లోపలికి పెట్టారు. పాత ఫారం పక్కన పెట్టి చూపించి, "ఈ మధ్య ఏమైనా జరిగిందా?" అని అడిగితే, "కొత్తగా ఏం జరగలేదండీ, మొదట్లో మీరెవరో నాకు తెలీదు కదా" అన్నారు. అసలు పని ఆ రోజే మొదలైంది. రిపోర్టులో మాత్రం అది "పరిస్థితి దిగజారింది" అనే లెక్కలోకి వెళ్తుంది.

నమ్మకం కుదిరేకొద్దీ స్కోరు తగ్గడం ఈ రంగంలో మామూలే. అందుకని మొదటి అంకెను దిద్దకూడదు, దాన్ని అలాగే ఉంచాలి. సేవ ముగిసేటప్పుడు "మొదట్లో మీ పరిస్థితి ఎలా ఉండేదని ఇప్పుడు అనిపిస్తోంది?" అని అదే ఫారం ఇంకోసారి నింపించి, ఆ అంకెను విడిగా రాసుకోవాలి. ఈ రెండో అంకెకూ లోపం ఉంది. సాయం చేసినవాళ్లను మెప్పించాలని కొందరు పాత రోజుల్ని మరీ నల్లగా చూపిస్తారు. కాబట్టి రిపోర్టులో రెండూ చూపించి, ఏది ఎప్పుడు అడిగిందో రాయండి.

ఇక ఫారం సంగతి. ఒకటే వాడమంటే నేను లక్ష్య సాధన కొలతనే (గోల్ అటైన్‌మెంట్ స్కేలింగ్) ఎంచుకుంటాను. దీన్ని థామస్ కిరెసుక్, రాబర్ట్ షెర్మన్ 1968లో మానసిక ఆరోగ్య సేవల కోసం రూపొందించారు. కుటుంబంతో కూర్చుని ఒక లక్ష్యం అనుకుని, దానికి ఐదు మెట్లు రాస్తారు. మనం ఆశించిన ఫలితం 0. దానికంటే మెరుగైతే +1, చాలా మెరుగైతే +2. తక్కువైతే -1, చాలా తక్కువైతే -2. చెప్పడానికి సులువుగానే ఉంటుంది కానీ ఆ మెట్లు రాయడంలోనే పనంతా ఉంది. ఇద్దరు పిల్లల తల్లి ఒకామె "పిల్లలతో నా సంబంధం బాగుపడాలి" అంది. అలాగే రాసుకుంటే దాన్ని కొలవలేం. ఇంట్లో ఏ వేళ ఎక్కువ కష్టంగా ఉంటుందని అడిగితే, పొద్దున్నే పిల్లల్ని బడికి తయారుచేసే వేళ అంది. అక్కడి నుంచి మెట్లు వాటంతటవే వచ్చాయి. రోజూ అరుపులు, చేయి చేసుకోవడం, పిల్లలు ఏడుస్తూ బయల్దేరడం: ఇది -2, అప్పటికి ఆమె ఉన్న చోటు. రోజూ అరుపులే కానీ చేయి లేవదు: -1. వారంలో మూడు రోజులు అరుపులు లేకుండా బయల్దేరితే 0. నాలుగు రోజులైతే +1. బడి ఉన్న రోజులన్నీ ప్రశాంతంగా గడిచి, అరిచే ముందు తనంతట తానే ఆగగలిగితే +2. ఆ కాగితం ఒక కాపీ ఆమె దగ్గరే ఉండేది. తర్వాతి సెషన్లో కూర్చోగానే "ఈ వారం సున్నా దాకా వచ్చానండీ" అని తనే మొదలుపెట్టింది. ఫారం అంటే విసుక్కునే కేస్ వర్కర్లు దీన్ని చూసి విసుక్కోరు, ఎందుకంటే అది వాళ్ల పనిలో భాగమే అయిపోయింది.

ఒక్క జాగ్రత్త తీసుకోండి. మెట్లు పని మొదలవ్వకముందే రాయాలి, తేదీ వేయాలి. లక్ష్యం మరీ తేలిగ్గా పెట్టుకున్నారేమో ఇంకొక సహోద్యోగి చూడాలి. లేకపోతే ఆరు నెలల్లో అందరికీ +2లు వచ్చేస్తాయి.

ఒక్కో కుటుంబానికి ఒక్కో లక్ష్యం ఉంటే మొత్తం సంస్థ ఎలా ఉందో చెప్పడం కష్టమే. దానికి తోడుగా అందరికీ ఒకేలా ఉండే ప్రామాణికమైన ఫారం ఒకటి పెట్టుకోండి, ఒకటి చాలు. పిల్లలున్న కుటుంబాలైతే రాబర్ట్ గుడ్‌మన్ 1997లో ప్రచురించిన స్ట్రెంగ్త్స్ అండ్ డిఫికల్టీస్ క్వశ్చనీర్ నాకు నచ్చుతుంది, అది పిల్లల ప్రవర్తన, భావోద్వేగాల గురించి అడిగే ఫారం. 25 ప్రశ్నలు. వాటిలో 20 ఇబ్బందులవి, వాటి మొత్తం 0 నుంచి 40 దాకా వస్తుంది. మిగతా 5 ఎదుటివాళ్లతో ఆ పిల్లవాడు మంచిగా మెలిగే తీరు గురించి. సేవ తర్వాత వాడే రూపంలో, ఇక్కడికి వచ్చాక సమస్యలు తగ్గాయా అని సూటిగా అడిగే ప్రశ్న కూడా ఉంది. చాలా భాషల్లో ఆమోదించిన అనువాదాలున్నాయి కాబట్టి సొంతంగా అనువదించుకుని వాడొద్దు. పెద్దవాళ్లలో డిప్రెషన్ ప్రధాన సమస్య అయితే, దాని తీవ్రతను కొలిచే పీహెచ్‌క్యూ-9 అనే ఫారం ఉంది. తొమ్మిది ప్రశ్నలు, 27 పాయింట్లు. ఒకటి రెండు పాయింట్ల తేడా రోజును బట్టి కూడా వస్తుంది. సాధారణంగా 5 పాయింట్లు తగ్గితేనే చెప్పుకోదగ్గ మార్పుగా చూస్తారు. ఇందులో చివరి ప్రశ్న చచ్చిపోతే బాగుండునని, తనకు తాను హాని చేసుకోవాలని వచ్చే ఆలోచనల గురించి. దానికి "లేదు" కాక ఇంకేం జవాబు వచ్చినా ఫారం నింపిన మనిషి బయటికి వెళ్లకముందే ఎవరో ఒకరు చదివి మాట్లాడాలి. ఆ ఏర్పాటు లేకపోతే ఆ ఫారం ఇవ్వకండి.

"సేవలు మీకు తృప్తినిచ్చాయా?" అనే ఫారంతో సరిపెట్టుకోకండి. దాదాపు అందరూ బాగుందనే రాస్తారు, అదీ చివరిదాకా ఉన్నవాళ్లు మాత్రమే. మర్యాదగా చూశారా లేదా అని తెలుసుకోవడానికి పనికొస్తుంది, అంతవరకే.

చాలామంది అడగని ప్రశ్న ఇంకొకటి ఉంది: కుటుంబానికి మేలు అంటే ఆ ఇంట్లో ఎవరికి? కుటుంబం కలిసి ఉంటే గెలుపు, విడిపోతే ఓటమి అని ఫారంలో రాసి ఉండటం నేను చూశాను. కొట్టే భర్త నుంచి పిల్లల్ని తీసుకుని ఒకామె క్షేమంగా బయటపడితే ఆ లెక్క ప్రకారం మన సేవ విఫలమైనట్టే. ఇది చాలా ప్రమాదం, ఎందుకంటే ఆ లెక్క కేస్ వర్కర్ మనసులోకి కూడా నెమ్మదిగా దూరుతుంది. అందుకే ఇంటికంతటికీ ఒకే స్కోరు పెట్టకుండా మనిషి మనిషికీ విడిగా పెట్టండి, భద్రతను వేరే గడిలో అన్నిటికంటే పైన పెట్టండి. పెద్దవాళ్లిద్దరికీ ఫారాలు విడివిడిగా, వేర్వేరు గదుల్లో ఇవ్వండి. పక్కన భర్త కూర్చుని ఉంటే భార్య ఏం టిక్ పెడుతుందో ఊహించడం కష్టం కాదు. ఆ కాగితం ఇంట్లో దొరికినా ఆమెకు ముప్పే. తర్వాత ఫోన్ చేసి కనుక్కోవాలనుకుంటే ఏ నంబరుకు, ఏ వేళలో చేస్తే క్షేమమో, వేరేవాళ్లు ఎత్తితే ఏం చెప్పాలో మొదటి రోజే అడిగి రాసుకోవాలి.

ఇప్పుడు రిపోర్టు. నిధులిచ్చేవాళ్లకు పంపే శాతాల్లో ఎక్కువ దాగి ఉండేది మధ్యలో ఆగిపోయిన కుటుంబాలే. 40 కుటుంబాలు మొదలుపెట్టాయనుకోండి. 22 చివరిదాకా ఉన్నాయి, వాటిలో 18 మెరుగయ్యాయి. "82 శాతం మెరుగయ్యారు" అని రాయొచ్చు. "మొదలుపెట్టినవాళ్లలో 45 శాతం మెరుగయ్యారని మాకు తెలుసు, 18 కుటుంబాల సంగతి తెలియదు" అని కూడా రాయొచ్చు. రెండో వాక్యమే రాయండి. మధ్యలో ఆగిపోయిన ఆ 18 కుటుంబాల్లో కొన్ని బాగుపడే మానేసి ఉండొచ్చు, కొన్నింటికి మన వేళలు కుదిరి ఉండకపోవచ్చు. అది కనుక్కోవడానికి చేసే ఒక ఫోన్ ఇంకో కొత్త ఫారం కంటే ఎక్కువ నేర్పిస్తుంది.

మెరుగైనవాళ్ల విషయంలోనూ ఆ మేలంతా మనవల్లే అని రాయకండి. కుటుంబాలు మన దగ్గరికి వచ్చేది పరిస్థితి బాగా దిగజారినప్పుడు. ఎవరూ ఏమీ చేయకపోయినా కొన్నాళ్లకు అందులో కొంత తనంతట తానే సర్దుకుంటుంది. బాగా ఎక్కువగానో తక్కువగానో ఉన్న కొలత మళ్లీ తీస్తే సగటు వైపు జరుగుతుంది. ఇలాంటి ధోరణినే ఫ్రాన్సిస్ గాల్టన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1886లోనే తల్లిదండ్రుల ఎత్తులు, పిల్లల ఎత్తులు పోల్చి చూపించాడు. మీ సంస్థలో వెయిటింగ్ లిస్టు ఉంటే, పేరు రాయించుకున్న రోజు ఒకసారి, సేవ మొదలైన రోజు ఇంకోసారి అదే ఫారం ఇవ్వండి. ఆ మధ్యలో ఎంత మారిందో చూస్తే తర్వాతి మార్పును దేనితో పోల్చాలో తెలుస్తుంది. ఎవరికీ సేవను కావాలని ఆపకుండానే దొరికే పోలిక ఇది.

కేస్ వర్కర్ల సంగతి అడిగారు కదా. స్కోర్లతో ఎవరు బాగా పనిచేస్తున్నారో తేల్చబోతున్నారన్న అనుమానం వాళ్లకు ఉంటే ఏ శిక్షణా పనిచేయదు. ఒక అంకె మీద నిర్ణయాలు ఎంత ఎక్కువగా ఆధారపడితే ఆ అంకె అంతగా చెడిపోతుందని అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త డోనాల్డ్ క్యాంప్‌బెల్ 1970లలోనే హెచ్చరించాడు. మన దగ్గర అది బాగా కష్టంలో ఉన్న కుటుంబాలను మెల్లగా వేరే సంస్థకు పంపేయడంగా కనిపిస్తుంది. స్కోర్లను ఉద్యోగుల మదింపులో వాడబోమని మీ డైరెక్టర్ చేత రాతపూర్వకంగా చెప్పించండి. కొత్త ఫారం ఒకటి తెచ్చిన ప్రతిసారీ పాతది ఒకటి తీసేయండి.

రిపోర్టులో 45 శాతం అని చూసి డైరెక్టర్ టెన్షన్ పడితే, దాని కిందే ఒక పేరా పెట్టమనండి: ఆగిపోయినవాళ్లు ఎందుకు ఆగారని చెప్పారు, దానికి మీరేం మార్చారు. నేను అలా రాసి పంపిన చోట నిధులిచ్చేవాళ్లు అందరికంటే ఎక్కువ ప్రశ్నలు అడిగింది ఆ పేరా మీదే. సాయంత్రం వేళల్లో పనిచేసేందుకు ఇంకో కేస్ వర్కర్‌ను తీసుకోవడానికి ఒప్పుకున్నదీ దాన్ని చూసే.