రాజీ రాసుకున్నాక వాయిదా తప్పితే

ప్రశ్న: నేను గుంటూరులో మిర్చి వ్యాపారం చేస్తాను. అరువుకు సరుకు తీసుకున్న ఒక వ్యాపారి నాకు 9,40,000 రూపాయలు బాకీ పడ్డారు. కిందటి ఏడాది పెద్దమనుషుల సమక్షంలో స్టాంపు కాగితం మీద రాజీ రాసుకున్నాం. ఆయన బాకీ మొత్తాన్ని ఒప్పుకున్నారు. 7,50,000 రూపాయలను అయిదు సమాన వాయిదాలలో ఇస్తే మిగతాది నేను వదులుకోవాలని, ఒక్క వాయిదా తప్పినా పాత బాకీ అంతా చెల్లించాలని రాశాం. రెండు వాయిదాలు అందాయి. మూడో వాయిదా చెక్కు పోయిన వారం ఖాతాలో డబ్బు లేక తిరిగొచ్చింది. ఈ పత్రంతో నేరుగా జప్తుకు వెళ్లవచ్చా? లేక మొదటి నుంచి దావా వేసి ఏళ్ల తరబడి తిరగవలసిందేనా?

జవాబు: జప్తుకు వెళ్లాలంటే చేతిలో డిక్రీ, అంటే కోర్టు ఇచ్చే అధికారిక తీర్పు, ఉండాలి. పెద్దమనుషుల ముందు రాసుకున్న పత్రం ఎంత పకడ్బందీగా ఉన్నా అది ఒప్పందమే. ఇదే రాజీ లోక్ అదాలత్‌లో కుదిరి ఉంటే, 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం 21వ సెక్షను ప్రకారం ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానమయ్యేది, వాయిదా తప్పగానే మీరు అమలు పిటిషను వేయగలిగేవారు. దావా వేయకముందే లోక్ అదాలత్‌కు వెళ్లే వీలుందని మన వ్యాపారులలో చాలామందికి తెలియకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ముందు చెక్కు సంగతి చూడండి, దాని గడువు ఇప్పటికే నడుస్తోంది. చెక్కు తిరిగొచ్చినట్లు బ్యాంకు తెలిపిన 30 రోజులలోగా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. నోటీసు అందిన 15 రోజులలో ఆయన చెల్లించకపోతే, ఆపైన ఒక నెలలోగా నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షను కింద ఫిర్యాదు చేయాలి. రాజీలో భాగంగా ఇచ్చిన చెక్కు చెల్లకపోతే అది కొత్తగా కేసు వేయడానికి తగిన కారణమేనని సుప్రీంకోర్టు 2021లో స్పష్టం చేసింది.

ఇక డబ్బు రాబట్టుకోవడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ 37వ ఆర్డరు కింద సమ్మరీ దావా వేయవచ్చు. రాతపూర్వక ఒప్పందం ప్రకారం రావలసిన నిర్దిష్టమైన మొత్తానికి ఈ దారి ఉంది, మీ పత్రం అందుకు సరిపోతుంది. మామూలు దావాలో ప్రతివాది తన వాదన వినిపించడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, ఇక్కడ కోర్టు అనుమతి కావాలి. సమన్లు అందిన 10 రోజులలో ఆయన హాజరు నమోదు చేయించుకోవాలి. లేకపోతే మీరు దావాలో చెప్పినవన్నీ ఒప్పుకున్నట్లే భావించి కోర్టు డిక్రీ ఇవ్వవచ్చు. హాజరైతే, మీరు అఫిడవిట్‌తో తీర్పు కోసం మరో సమన్లు పంపిస్తారు. అవి అందిన 10 రోజులలో ఆయన తన వాదనకు ఆధారాలు చూపి అనుమతి కోరాలి. వాదనలో పస ఉంటే షరతులు లేకుండా, దాని నిజాయితీ మీద అనుమానముంటే డబ్బు జమ చేయాలనో హామీ ఇవ్వాలనో షరతు పెట్టి అనుమతిస్తారు. అసలు పసే లేకపోతే నిరాకరించి వెంటనే తీర్పు చెబుతారు. ఆయనే ఒప్పుకున్న భాగం ఏదైనా ఉంటే, దాన్ని కోర్టులో జమ చేయనిదే అనుమతి రాదు.

మీ విషయంలో అసలు పోరాటం ఎంత రావాలన్న దగ్గరే జరుగుతుంది. వాయిదాల లెక్కన చూస్తే మిగిలింది 4,50,000, పాత బాకీ లెక్కన 6,40,000. వాయిదా తప్పితే పాత బాకీ అన్న షరతు జరిమానా వంటిదని ఆయన వాదించవచ్చు. అయితే నిజంగా రావలసిన దానిలో షరతు మీద ఇచ్చిన తగ్గింపును, ఆ షరతు తప్పినప్పుడు ఉపసంహరించుకోవడం జరిమానా కాదు. ఆయన 9,40,000 బాకీని సంతకంతో ఒప్పుకున్నారు కనుక 6,40,000 అడగడానికి మీకు బలమైన ఆధారముంది. దానిపైన పత్రంలో లేని వడ్డీనో, మనోవేదనకు పరిహారమో చేర్చకండి. 37వ ఆర్డరు పరిధిలోకి రాని కోరిక దావాలో ఉండకూడదని నియమం, ఆ ఒక్క పొరపాటు చాలు మీ దావా మామూలు విచారణలోకి జారిపోవడానికి. దావా 37వ ఆర్డరు కింద వేస్తున్నట్లు అందులో స్పష్టంగా రాయించడం కూడా మరవకండి. పత్రం మీద స్టాంపు డ్యూటీ తక్కువైతే లోటును, అపరాధ రుసుమును కట్టేదాకా కోర్టు దాన్ని సాక్ష్యంగా తీసుకోదు. కాబట్టి వకీలుకు ముందే చూపించండి. దావా వేయడానికి గడువు మూడేళ్లు, దాన్ని మొదటి వాయిదా తప్పిన రోజు నుంచే లెక్కపెట్టుకోవడం క్షేమం.

మీది వ్యాపారుల మధ్య సరుకు లావాదేవీ, మొత్తం 3 లక్షలు దాటింది. కనుక ఇది వాణిజ్య వివాదం కిందికి వస్తుంది. 2015 నాటి వాణిజ్య కోర్టుల చట్టం 12ఏ సెక్షను ప్రకారం దావాకు ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లి తీరాలని, వెళ్లకుండా వేసిన దావాను తిరస్కరించవచ్చని సుప్రీంకోర్టు 2022లో తేల్చింది. అక్కడ మళ్లీ రాజీ కుదిరితే, ఈసారి అది ఆర్బిట్రేషన్ అవార్డులాగా నేరుగా అమలవుతుంది. అత్యవసర మధ్యంతర ఉత్తర్వు కోరే దావాకు మాత్రం ఈ నియమం వర్తించదు. బాకీదారు డిక్రీని తప్పించుకోవడానికి గోదామునో, సరుకునో అమ్మేస్తున్నట్లు మీ దగ్గర ఆధారాలుంటే, సివిల్ ప్రొసీజర్ కోడ్ 38వ ఆర్డరు 5వ రూలు కింద తీర్పుకు ముందే జప్తు కోరవచ్చు. ఊరికే భయంగా ఉందంటే కోర్టు ఒప్పుకోదు, ఏ ఆస్తి, ఎవరికి, ఎలా చేతులు మారుతోందో అఫిడవిట్‌లో చెప్పగలగాలి.