రాడాన్ పోరాటం గీశాను, బాగుందంటున్నారు కానీ నాకే ఏదో వెలితి. ఏం చేయాలి?

ఎల్డెన్ రింగ్ అనే వీడియో గేమ్‌లో రాడాన్ అనే భారీ శత్రువుతో జరిగే పోరు గీశానని, బొమ్మలో ఊపు రాలేదని, ఇతరుల ఫ్యాన్ ఆర్ట్ (అభిమానులు గీసే బొమ్మలు) మీద పనికొచ్చే విమర్శ ఎలా రాయాలో కూడా చెప్పమని అడిగారు. ఇలాంటి బాస్ ఫైట్లు, అంటే ఆటలో పెద్ద శత్రువుతో జరిగే పోరాటాలు, గీయడం నాకు ప్రాణం కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

స్క్రీన్‌షాట్ పెట్టుకుని గీసి ఉంటే చిక్కు అక్కడే మొదలైంది. ఆటలో కెమెరా మనం ఆడుకోవడానికి వీలుగా మన పాత్ర వీపు వెనకే తిరుగుతుంది, దెబ్బ ఎటునుంచి వస్తుందో తెలిసేలా అన్నీ విడమరిచి చూపిస్తుంది. ఆడేటప్పుడు గుండె దడ మనదే కాబట్టి ఆ చప్పిదనం తెలియదు. బొమ్మ చూసేవాడికి ఆ దడ ఎక్కడిది? అందుకే నేను ముందు కెమెరాను ఇసుక మీదికి దించేస్తాను, గుర్రపు డెక్కల ఎత్తుకి.

రాడాన్ ఎక్కే ఆ గుర్రం గురించి ఒక మాట. దాని పేరు లియొనార్డ్. తన బక్క గుర్రాన్ని వదులుకోలేకే రాడాన్ గురుత్వాకర్షణ మంత్రాలు నేర్చుకున్నాడని ఆటలోనే ఉంది. అంత భారీ మనిషి కింద అంత చిన్న ప్రాణి! చాలా బొమ్మల్లో దాన్ని దుమ్ములో దాచేస్తారు, లేదా ఏపుగా పెంచేస్తారు. అలా చేస్తే మిగిలేది ఎవరో ఒక రాక్షసుడు, రాడాన్ మాత్రం కాదు.

ఇక ఏ క్షణం గీయాలి? కత్తి తగిలే క్షణం కన్నా కత్తి ఎత్తిన క్షణం మేలు. ఆటగాడు చూసి తప్పుకోవాలి కాబట్టి యానిమేటర్లు దెబ్బకు ముందు భంగిమను కావాలనే సాగదీస్తారు, ఉత్త నీడగా చూసినా పోల్చుకునేలా మలుస్తారు. సగం ప్రాణం పోయాక రాడాన్ ఆకాశంలోకి ఎగిరి ఉల్కలా పడతాడు కదా, ఆ పేలుడు గీస్తే మంటలే మిగులుతాయి. అతను పైన కనబడకుండా పోయిన ఆ కాసేపు, కింద యోధులంతా తలెత్తి చూస్తుండగా గీసి చూడండి.

రంగుల జోలికి వెళ్లేముందు బొమ్మను నలుపు తెలుపుల్లోకి మార్చి, గోరంత చేసి చూడాలి. అప్పుడు రాడాన్, అతనితో తలపడే పాత్ర ఇద్దరూ విడివిడిగా కనబడకపోతే నిప్పురవ్వల లేయర్లు ఎన్ని వేసినా లాభం లేదు.

విమర్శ రాసేటప్పుడు నేను తీర్పుతో మొదలుపెట్టను. నా కన్ను ముందు ఎక్కడ పడింది, అక్కడినుంచి ఎటు జారింది, ఎక్కడ దారి తప్పింది, ఇవే వరసగా రాస్తాను. మీరు అనుకున్న దారి అదేనా అని అడుగుతాను. రాడాన్ కవచం మీద సింహం తప్పు పడిందనడం తేలిక, అది చివర్న చెప్పినా చాలు. వాళ్ల బొమ్మ మీద గీసి చూపించాలంటే మాత్రం ముందుగా అనుమతి తీసుకోవాల్సిందే.

తోటి అభిమానుల 'సూపర్' నమ్మదగిన కొలత కాదు, ఎందుకంటే బొమ్మలో లేనిది కూడా వాళ్లు జ్ఞాపకంతో నింపుకుంటారు. ఈ ఆట ఎన్నడూ ఆడని ఒకరికి చూపించి, ఇందులో ఎవరిది పైచేయి అని అడగండి. వాళ్లు తడబడితే, కెమెరా ఎత్తు మార్చి మళ్లీ చిన్న చిన్న స్కెచ్‌లు వేయడం మొదలుపెట్టండి.